మాట వచ్చేదాకా కూర్చునే మనిషి

మా పంతులమ్మ పోయిందన్న కబురు నాకు పట్నంలో, హాస్టలు గేటు దగ్గర, జొన్నపిండి మూటతో పాటు అందింది. అన్న ఊరి నుంచి వచ్చాడు. మూట నా చేతికిచ్చి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, "చేవెళ్లల పంతులమ్మ పోయిందే. రేపు పొద్దుగాల మట్టి ఇస్తరంట" అన్నాడు.

"ఏ పంతులమ్మ?" అన్నాను. తెలిసే అడిగాను, ఇంకెవరి సంగతైనా చెబుతాడేమోనని.

"మనకు ఎంతమంది పంతులమ్మలున్నరే?" అన్నాడు అన్న.

సెలవు అడగబోతే వార్డెను "ఆమె నీకేమవుతుంది?" అంది. రక్తసంబంధం ఉంటేనే సెలవు. చదువు చెప్పిన మనిషి చనిపోతే సెలవివ్వాలన్న నియమం చదువు చెప్పే చోటనే లేదు. "పెద్దమ్మ" అన్నాను. వార్డెను నమ్మింది. నాకూ అది అబద్ధమనిపించలేదు.

ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. సమాధి దగ్గర నలుగురూ చెప్పిన మాటలు విన్నాక రాయకుండా ఉండలేకపోయాను. అక్కడ చెప్పినవన్నీ మంచి మాటలే. మంచి మాటలు కాబట్టే, అవి నిజమో కాదో ఎవరూ ఆలోచించలేదు.

మాది హిమాయత్‌నగర్, పట్నంలోది కాదు, మొయినాబాద్ దగ్గరి పల్లె. బడి మొయినాబాద్‌లో. మా గుడిసెల పిల్లలం పొద్దున్నే రొట్టె మూట కట్టుకుని గుంపుగా నడిచిపోయేవాళ్లం. క్రైస్తవ మిషనువాళ్ల బడి అంటే ఒకటే పెద్ద హాలు. ఒక మూల చిన్న తరగతి, ఇంకో మూల పెద్ద తరగతి, నడుమ గోడ లేదు. పెద్ద తరగతిలో జరిగేదంతా మాకు రోజూ కనబడేది. అక్షరాల కంటే ముందు మేము నేర్చుకున్నది అదే.

దాన్ని పిల్లలం చెంపల వరస అనేవాళ్లం. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది; అది మా ఒక్క బడిలో పుట్టింది కాదు. పెద్దపంతులు ఒక ప్రశ్న అడుగుతాడు. వరసలో మొదటి పిల్ల చెప్పలేకపోతే బల్ల మీద బెత్తంతో ఒక్క దెబ్బ. ప్రశ్న పక్కవాడికి పోతుంది. మళ్లీ దెబ్బ, మళ్లీ పక్కవాడు. చివరికి ఎవరు చెబుతారో వాళ్లు లేచి వెనక్కి నడిచి, చెప్పలేని ప్రతి ఒక్కరి ముక్కు ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. పంతులు కుర్చీలోంచి లేవడు. ఆయన చెయ్యి నొవ్వదు.

స్నేహితుడని మెల్లగా తాకించి వదిలేస్తే పంతులు ఊరుకునేవాడు కాదు. "కొట్టుడు రాదారా నీకు? ఇటు రా, నేర్పిస్త" అని పిలిచి, ఆ మెత్తని చెయ్యి గలవాడి చెంప మీదనే నేర్పించేవాడు. ఒకసారి ఆ పాఠం చూశాక మెల్లగా కొట్టడానికి ఎవరికి ధైర్యం? బడికి నడిచి వచ్చేటప్పుడు ఒకే రొట్టె తుంచుకుని తిన్న పిల్లలు, మధ్యాహ్నానికి ఒకరి ముక్కు ఒకరు నలిపేవాళ్లు. సాయంత్రం ఇంటికి ఎడంగా నడిచేవాళ్లు.

మా పక్కింటి ఎస్తేరక్క ఆ పెద్ద తరగతిలో ఉండేది. ఆమెకు నత్తి. తెలివి తక్కువేమీ కాదు. దారి పొడుగునా నాకు ఎక్కాలు పాడి వినిపించేది. పాటలో నత్తి రాదు. కాని పంతులు ప్రశ్న అడిగాక బెత్తం బల్లను తాకేలోపు ఆమెకు మొదటి అక్షరమే బయటికి వచ్చేది కాదు. జవాబు నోట్లో ఉండగానే ప్రశ్న పక్కకు పోయేది. తరగతిలో ఎవరు చెప్పినా ఆమె చెంప ఖాయం. అట్లా రోజూ తరగతి మొత్తానికీ చెంప ఇచ్చిన పిల్ల ఆమె ఒక్కతే. తిరిగి ఎవరినీ కొట్టే అవకాశం ఆమెకు ఎన్నడూ రాలేదు.

కొట్టేవాళ్లలో దానియేలు వేరు. పెద్దపంతులు మేనల్లుడు. మిగతావాళ్లు తప్పనిసరై కొడితే, అతను దాన్నొక పనితనంగా చేసుకున్నాడు. ఎస్తేరక్క ముక్కు పట్టుకుని వెంటనే కొట్టడు. ఊపిరాడక ఆమె నోరు తెరిచేదాకా ఆగి, "చె... చె... చెప్పు ఎస్తేరూ" అని ఆమెలాగే సాగదీసి, తరగతి నవ్వాక, అప్పుడు కొడతాడు. పెద్దపంతులు కూడా నవ్వేవాడు. పంతులే నవ్వాక పిల్లలకు అడ్డేముంటుంది? దారిలో, బావి దగ్గర, ఆదివారం గుడి మెట్ల మీద ఆమె పేరే మారిపోయింది. "ఎ... ఎ... ఎస్తేరు" అని పిలిచేవాళ్లు, ఆమె కంటే చిన్నపిల్లలు కూడా.

పంతులమ్మ ఆ బడికి చిన్న తరగతి చెప్పడానికి వచ్చింది. చేవెళ్ల మనిషి. పొట్టిగా, నల్లగా, తెల్ల చీర, చేతిలో ఒక పుల్ల విరిగిన నల్లగొడుగు. భర్త లేడు, పిల్లలు లేరు, అందుకు ఆమెకు విచారమున్నట్టూ కనబడలేదు. ఊళ్లో ఆడవాళ్లు దాన్నే తప్పుగా చెప్పుకునేవాళ్లు. చాయ్ అంటే ప్రాణం. గుడిలో ప్రసంగం సాగుతుంటే గురకపెట్టేది. బలపాలు గడప రాయి మీద అరగదీసి మొన తేల్చి ఇచ్చేది. మంచి మనిషి అంటే మెత్తని మనిషి అనుకోకండి. పలక పగలగొడితే ఆమె చూసే చూపుకు ఏడుపొచ్చేది. కాని చెయ్యి ఎత్తేది కాదు.

ఆమెకు ఇంకో అలవాటుండేది. ఏదైనా అడిగితే, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. మనం తడుముకుంటుంటే, "నాకేం తొందర లేదు బిడ్డా. ఈ బస్సు పోతే ఇంకోటొస్తది" అనేది. మొయినాబాద్ రోడ్డు మీద బస్సు కోసం పొద్దంతా చూసినవాళ్లకు ఆ మాట వింటే నవ్వొచ్చేది. ఆమె నవ్వేది కాదు. కూర్చునేది, అంతే.

వచ్చిన వారంలోనే హాలు అవతలి మూల జరిగేది చూసి ఆమె పెద్దపంతులు బల్ల దగ్గరికి నడిచింది. మాకందరికీ వినబడేటట్టే మాట్లాడింది.

"పంతులుగారూ, చెప్పనోనికి నేర్పాలె గాని, చెప్పినోనికి కొట్టుడు నేర్పుడేంది?"

"నీ చిన్న తరగతి నువ్వు చూస్కో అమ్మా. గిది నేను చదివిన బడిల గూడ ఉండె. నేను పంతుల్ని కాలేదా?"

"అయిండ్రు," అంది పంతులమ్మ. ఆ ఒక్క మాట అని తిరిగి వచ్చేసింది. ఆయనకు అర్థమైందో లేదో గాని మొహం ఎర్రబడింది.

తన తరగతిలో ఆమె వరస మార్చింది. జవాబు చెప్పినవాళ్లు లేచి, చెప్పలేనివాళ్ల పక్కన కూర్చుని, వాళ్లకు వచ్చేదాకా చెప్పాలి. మాకు మొదట్లో ఇది శిక్షలాగే తోచింది; కొట్టడం కంటే చెప్పడం కష్టం. ఇంట్లో పెద్దవాళ్లకు అసలే నచ్చలేదు. ఒక తండ్రి పొలం నుంచి నేరుగా బడికి వచ్చాడు.

"అమ్మా, మా పోరన్ని జర కొట్టు. గిట్ల ముద్దు చేస్తే చదువెట్ల వస్తది?"

"నిన్ను కొట్టిండ్రా బడిల?"

"మస్తు కొట్టిండ్రు."

"మరి వచ్చిందా?"

ఆయన వేలిముద్ర మనిషి. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. నవ్వినవాడే సాయంత్రం పెద్దపంతులు ఇంటికి పోయి, ఈ పంతులమ్మ మమ్మల్ని అవమానిస్తున్నదని చెప్పి వచ్చాడు.

ఆమె మంచితనం మాకు చేటు కూడా చేసింది. ఆమె దగ్గర పెరిగిన పిల్లలు పెద్ద తరగతికి పోయినప్పుడు వాళ్ల చెంపలకు దెబ్బ అలవాటు లేదు. ముక్కు పట్టుకుంటే ఏడ్చేవాళ్లు. ఏడిస్తే దానియేలు గుంపుకు పండగ. "పంతులమ్మ బిడ్డలు" అని పేరు పెట్టి ఇంకో రెండు ఎక్కువ వేసేవాళ్లు. చూశారా, ఆమె పిల్లల్ని పాడుచేసిందని ఊరంతా ఒప్పుకున్నది. కొట్టేవాణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా దానియేలు కొట్టిన దెబ్బ ఒకటి ఎస్తేరక్క చెవి మీద పడింది. కొన్నాళ్లు చీము కారింది. వాళ్లమ్మ వెల్లుల్లి కాచిన నూనె పోసింది. దవాఖాన పట్నంలో ఉన్నది, పట్నం దూరం. ఆ చెవికి వినికిడి పోయింది. పెద్దపంతులు "ఆ పోరికి ముందునుంచే చెవి లేదు, అందుకే చదువు రాలే" అన్నాడు. అది అందరికీ అనుకూలంగా ఉన్నది.

అప్పటి నుంచి ఎస్తేరక్క దారిలో ఎక్కాలు పాడడం మానేసింది. రొట్టె కుక్కలకు వేసేది. పెద్దపిల్ల, పక్క తడుపుతున్నదని వాళ్లమ్మ మా అమ్మతో మెల్లగా చెబుతుంటే విన్నాను. మాట రావాలని వాళ్లమ్మ రోజూ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసేది. నాలుక మండి పిల్ల కళ్లవెంట నీళ్లు కారేవి. పాపం, ఆ తల్లికి తెలిసిన వైద్యం అది. లోపం నాలుకలో లేదని ఆమెకు ఎవరు చెప్పాలి? చెప్పవలసినవాళ్లు బెత్తం పట్టుకుని కూర్చున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం గంట కొట్టాక ఎస్తేరక్క తరగతికి రాలేదు. పెద్దపంతులు గమనించనే లేదు. పంతులమ్మ హాలు ఈ మూల నుంచి ఆ ఖాళీని చూసింది. గొడుగు తీసుకుని, "మీ అక్క ఎటు పోతదో నీకెరుకనా? నడువు" అంది నాతో.

నాకు తెలుసు. బడి వెనక చేలలో ఒక మోటబావి. ఎద్దులు లేవు, మనుషులు లేరు. ఎస్తేరక్క బావి అంచు రాయి మీద నిలబడి కిందికి చూస్తున్నది. నేను అరవబోయాను. పంతులమ్మ నా నోరు మూసింది. పరుగెత్తలేదు. మామూలుగా నడిచి, ఆమెకు కొంచెం ఎడంగా ఒక రాయి మీద కూర్చుంది. గొడుగు ముడిచింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఏం చూస్తున్నవు బిడ్డా?"

ఎస్తేరక్క పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఎండ నెత్తి మీద ఉన్నది. పంతులమ్మ ఆ గొడుగు కూడా తెరవలేదు. "నాకేం తొందర లేదు," అంది. మళ్లీ ఏమీ అనలేదు. నా జీవితంలో అంతసేపు ఎవరూ ఎవరి మాట కోసం అట్లా కూర్చోవడం నేను చూడలేదు. ఆ తరవాత కూడా చూడలేదు.

"లో... లో..." అంది ఎస్తేరక్క. మెడనరాలు ఉబ్బాయి. "లో... లోతు."

పంతులమ్మ ఏడవలేదు, దేవుడి పేరు ఎత్తలేదు. "చూసినవు గద," అంది. "ఇగ నా దిక్కు చూడు. రొట్టె తెచ్చిన. ఒక్కదాన్నే తింటే ఎట్ల?"

ఎస్తేరక్క రాయి దిగి వచ్చింది. వచ్చాక గాని పంతులమ్మ ఆమె చెయ్యి పట్టుకోలేదు. పట్టుకున్నాక బడి దాకా వదలలేదు. తిరిగి వచ్చేటప్పుడు చూశాను, పంతులమ్మ ఒక చెప్పు బావి దగ్గరే మరిచిపోయి కాలే నేల మీద నడుస్తున్నది.

క్రిస్మసుకు ముందు మిషను నడిపే తెల్ల దొరసాని బడి తనిఖీకి వచ్చింది. మోటారు బయట ఆగి ఉన్నది. ఇంకో ఊరు పోవలసి ఉన్నది. పంతులమ్మ హాలు మధ్యలో నిలబడి చెంపల వరస గురించి, చెవి గురించి, బావి గురించి మొత్తం చెప్పింది. పెద్దపంతులు వినయంగా చేతులు కట్టుకుని, "పిల్లల్నే అడగండి అమ్మగారూ" అన్నాడు. దొరసాని పెద్ద తరగతిని అడిగింది, మీకు నొప్పి కలుగుతున్నదా అని. "లేదండీ" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఆమె పోయాక బెత్తం అక్కడే ఉంటుందని వాళ్లకు తెలుసు.

ఎస్తేరక్క ఆ గొంతులో కలవలేదు. లేచి నిలబడింది. చెప్పడానికే లేచింది, ఆమె మొహం చూసిన ఎవరికైనా తెలుస్తుంది. నోరు తెరిచింది. మొదటి అక్షరం దగ్గర ఆగిపోయింది. దానియేలు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. దొరసాని దయగల మనిషి. ఎస్తేరక్క తల నిమిరి, "భయపడకు, కూర్చో అమ్మా" అంది.

"జర ఆగుండ్రి దొరసానమ్మా," అంది పంతులమ్మ. "చెప్తది. జర ఆగుండ్రి."

దొరసాని ఆగలేదు. మోటారు కదిలింది. కొత్త సంవత్సరం నుంచి చిన్న తరగతికి వేరే మనిషిని పెడుతున్నామని పంతులమ్మకు చెప్పారు. కారణం, బడిలో ఐకమత్యం చెడగొట్టడం.

ఆమె వెళ్లిన రోజు నేను రోడ్డు మీద ఉన్నాను. ఒక ట్రంకుపెట్టె, గొడుగు, పక్కన ఎస్తేరక్క. "బడికైతే పంపనమ్మా, నీ ఇంటికైతే పంపుత" అని వాళ్లమ్మ తనంతట తానే పంపింది. చేవెళ్లలో బీజాపూర్ రోడ్డు మీద ఒక కోమటి ఇంటి ముందుగదిలో కిరాయికి ఉండి, పంతులమ్మ కుట్టు మిషను మీద బతికింది. యుద్ధంలో గుడ్డ దొరకని రోజుల్లో పాత చీరలు తిరగేసి లంగాలు కుట్టేది. పక్కన ఎస్తేరక్క గుండీలు కుట్టేది. సాయంత్రం అంగడి పిల్లలు పలకలు పట్టుకుని వచ్చేవాళ్లు.

సెలవులకు పోయినప్పుడల్లా నేను ఆ గదిలో కూర్చునేదాన్ని. గిరాకీకి జవాబు చెప్పేది ఎస్తేరక్కే. ఆమె తడబడుతుంటే, రవిక ఎప్పటికవుతుందని అడిగిన ఇంటి షావుకారు భార్య దయతలచి మాట అందించేది: "శుక్రవారమా? శుక్రవారమేనా?" పంతులమ్మ కళ్లద్దాల పైనుంచి చూసేది. "ఆ మాట నీదా, ఆమెదా?" షావుకారమ్మ నవ్వి, రవిక ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. కొన్నేళ్లకు ఆ వీధికంతా ఆగడం అలవాటైంది. ఎస్తేరక్క నత్తి పోలేదు. నత్తితోనే బేరాలాడేది, నత్తితోనే తిట్టేది. ఒకసారి తక్కువ కూలి ఇవ్వబోయిన మనిషిని ఆమె తిట్టడం పూర్తయ్యేదాకా ఆ మనిషి తలవంచుకుని నిలబడ్డాడు.

నన్ను మాత్రం పంతులమ్మ మెచ్చుకునేది కాదు. "కాలేజీ పిల్లవు, మస్తు తొందర నీకు. నా మాట అయిపోకముందే నీ జవాబు తయారు" అనేది. నిజమే.

ఆ బడి మాత్రం మారలేదు. దానియేలు ట్రెయినింగు చదివి, మామ దిగిన కుర్చీలో ఇప్పుడు కూర్చున్నాడు. పోయిన ఎండాకాలం ఆ దారిన వస్తూ కిటికీ దగ్గర ఆగాను. బల్ల మీద బెత్తం చప్పుడు. మళ్లీ చప్పుడు. ఆ తరవాత వరసగా చెంపల చప్పుడు. ఆ సంగతి పంతులమ్మకు చెప్పాను. కుట్టు మిషను ఆపి, "ఏ పిల్లకు రాలే జవాబు?" అని అడిగింది. నాకు తెలియదు. ఆమె అయితే చూసి ఉండేది.

మట్టి రోజున చేవెళ్లలో జనం బాగానే వచ్చారు. అంగడి దుకాణాలు సగం తలుపులు వేశాయి. మొయినాబాద్ నుంచి బడి తరఫున దానియేలు వచ్చాడు, ఇస్త్రీ కోటు వేసుకుని. పాస్టరుగారు రెండు మాటలు చెప్పమన్నారు.

"మా పంతులమ్మ మమ్మల్ని ప్రేమతో కొట్టి కొట్టి మనుషుల్ని చేసింది," అన్నాడు దానియేలు. "ఆ కాలపు క్రమశిక్షణ ఇప్పుడు ఎక్కడున్నది? ఆమె చేతి దెబ్బ తిననివాడు మా ఊళ్లో లేడు."

గొంతు వణికించాడు కూడా. అందరూ తలలూపారు. ఎంత సులువుగా ఊపారో చూడాలి. ఆయనకు తెలిసిన మంచి పంతులు ఒక్కరకమే. ఆమెను కూడా అందులోనే పూడ్చాడు.

అప్పుడు ఎస్తేరక్క ముందుకు వచ్చింది. సమాధి అంచున నిలబడి దానియేలు వైపు తిరిగింది. "ఆ..." అంది. "ఆ... ఆ..." మెడనరాలు ఉబ్బాయి. నేను మోటబావి దగ్గర చూసిన నరాలే.

"దుఃఖం ఆపుకోలేకపోతున్నది పాపం," అన్నారు పాస్టరుగారు. ఆయన కీర్తన ఎత్తుకున్నారు. జనం అందుకున్నారు. ఎస్తేరక్క తెరిచిన నోటి మీదుగా పాట సాగిపోయింది. "ఆగుండ్రి" అని నేను అరిచాను. ఆ పాటలో అది ఎవరికీ వినబడలేదు. ఎవరో ఆడమనిషి మాత్రం, ఏడవకు బిడ్డా అని నా వీపు నిమిరింది.

మట్టి వేసి అందరూ రోడ్డు మీదికి పోయారు. పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సు, పట్నం వైపు పోయేది అదొక్కటే. అది తప్పితే సాయంత్రం దాకా ఇంకోటి లేదు. వార్డెను ఇచ్చిన సెలవు మధ్యాహ్నంతో సరి. కండక్టరు తలుపు కొట్టి కేకలు పెడుతున్నాడు. దానియేలు కిటికీలోంచి చెయ్యి ఊపి, "రా చెల్లే, జాగ పెట్టిన!" అని పిలిచాడు.

ఎస్తేరక్క సమాధి పక్కన కదలకుండా నిలబడి ఉన్నది. పెదవులు ఇంకా కదులుతున్నాయి. నేను పచ్చిమట్టి పక్కన కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒళ్లో పెట్టుకున్నాను.

బస్సు పొగ చిమ్ముకుంటూ కదిలి, మలుపు తిరిగింది. దుమ్ము వచ్చి కొత్త మట్టి మీద మెల్లగా కూర్చుంది.

"ఆమె..." అంది ఎస్తేరక్క. ఎండ నెత్తి మీదికి వచ్చింది. రోడ్డు ఖాళీ అయింది. "ఆమె... ఎ... ఎ... ఎవ్వర్ని..."

నేను ఆ మాట అందించలేదు.

"...కొట్టలే."